నాయనమ్మ గిన్నె

అనగనగా, కొండలింకా గులకరాళ్లంత ఉన్న రోజుల్లో, పెన్నలపురం రాజుగారికి ఒక్కగానొక్క కూతురు, రత్నాంగి. ఏడేళ్ల పిల్ల. ఆ పిల్లకి కడుపునొప్పి పట్టుకుంది. తిన్నది తిన్నట్టు కక్కేది. చూస్తుండగానే చీపురుపుల్లంత అయిపోయింది.

మొదటి వైద్యుడు ఏనుగు మీద మందులేసుకొచ్చి, పాలన్నం పథ్యం పెట్టి వాంతులు ఆపాడు. వారం తిరిగేసరికి మళ్లీ మొదలు. రెండోవాడూ పాలన్నమే పెట్టి, నొప్పి తెలియని చూర్ణమిచ్చాడు. మళ్లీ మొదలు. మూడోవాడు గాడిద మోసేంత గంధం తెచ్చి పిల్ల మొహానికి కళ తెప్పించాడు. ముగ్గురికీ శాలువాలు అందాయి. పిల్లకి మాత్రం ఈసారి లేచి కూర్చునే ఓపిక కూడా లేకపోయింది.

అప్పుడొచ్చాడు దస్తగిరి. ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత, అంటే కళాయి, వేసేవాడు. దివాణం పెరట్లో కొలిమి పెట్టి, కొండంత గిన్నెల గుట్టకి పొద్దు వాలేలోపే కళాయి వేసేశాడు. ఒక్క గిన్నె మాత్రం వంటావిడ వీరలక్ష్మి ఇవ్వలేదు.

అది రాజుగారి తల్లి, పోయిన పెద్దరాణిగారిదట. ఆవిడ చెయ్యి తగిలిన గిన్నెని నిప్పుల మీద పెట్టి గీకకూడదని రాజుగారి ఆన. రెండేళ్లుగా అందులో మనవరాలికి తప్ప ఎవరికీ వండరట. పిల్లకి నయమైన ప్రతిసారీ ముచ్చటపడి అందులోనే చింతపండు పులుసు కాస్తామని వీరలక్ష్మి గొప్పగా చెప్పింది.

దస్తగిరి గిన్నెలోకి వేలు పోనిచ్చాడు. వేలు పచ్చగా వచ్చింది. కళాయి పోయిన ఇత్తడికి పులుపు తగిలితే పుట్టే విషం, చిలుము. రాజుగారితో చెబితే తల పోతుంది. చెప్పకపోతే పిల్ల పోతుంది. కాసేపు మెడ తడుముకుని, గిన్నె చంకన పెట్టుకుని లేచాడు.

సంగతి విన్న రాజుగారి కళ్లు నిప్పుకణికలయ్యాయి. "మా అమ్మ గిన్నె నా బిడ్డకి విషం పెడుతోందంటావురా?"

"పెద్దమ్మగారు ఏటా ఈ గిన్నెని తన చేత్తోనే తెచ్చి నాతో కళాయి వేయించేవారు దొరా," అన్నాడు దస్తగిరి. "మీరు గిన్నెని దాచుకున్నారు. ఆవిడ జాగ్రత్తని పారేశారు."



నమ్మకపోతే అందులో పులుసు పోసి ఒక పూట ఉంచి చూడమన్నాడు. ఉంచారు. పులుసు చిలకపచ్చగా తిరిగింది. వైద్యులు ముగ్గురూ తొంగిచూసి, శాలువాలు సర్దుకుని గోడవారకి జరిగారు.

రాజుగారు తానే పెరట్లోకి వెళ్లి, కొలిమి ముందు గొంతుక్కూర్చుని తిత్తి ఊదాడు. దస్తగిరి గిన్నెని తోమి, కాల్చి, తగరం రుద్దాడు. గిన్నె లోపల చంద్రుడు దిగినట్టయింది.

నెల తిరిగాక రత్నాంగి అదే గిన్నెలోని పులుసన్నం మూడు మార్లు పెట్టించుకుంది. నాలుగోసారి గిన్నె బోర్లించి చూపాల్సి వచ్చింది.

బాధని అణిచే మందు పూటకే చాలుతుంది. ఆ బాధ ఎక్కడ పుడుతోందో వెతికి అక్కడ చెయ్యి పెట్టినవాడే అసలైన వైద్యుడు.