కనుమను వెనక్కి ఎక్కిన సుంకమ్మ

అనగనగా అంటే ఎంత అనగా అని నన్నడగొద్దు. నాకు మా అవ్వ చెప్పింది, మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పింది. నల్లకనుమ అనే కొండదారి కింద ఊటపల్లె అని మా ఊరు. ఆ ఊళ్ళో సుంకమ్మ అని ఒక ముసలామె. ఆమెకున్నవి మూడు గాడిదలు. వాటి మీద ఉప్పు బస్తాలేసుకుని ఊరూరా అమ్ముకుని బతికేది.

ఊటపల్లె నుంచి యాడికి పోవాలన్నా కనుమ ఎక్కాల్సిందే. ఆసుపత్రి కనుమ అవతల. నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకుని ఎక్కేవాళ్ళు. కొందరు చేరేవాళ్ళు, కొందరు దారిలోనే పోయేవాళ్ళు. సుంకమ్మకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల కూడా కడుపులో బిడ్డతో సహా అట్లనే పోయింది. "రాత అంతే సుంకమ్మా, ఊరుకో" అన్నారందరూ. సుంకమ్మ ఊరుకుంటుందా? ఊరుకోలేదు.

కనుమ అవతల ఒక దొర కొట్టంలో పాత కారొకటి పడుండేది. దొర తాత ఎక్కి తిరిగిన కారు. అందులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. సుంకమ్మ పోయి, కాళ్ళ వెండి కడియాలు తీసి దొర ముందర పెట్టింది.

"దొరా, ఆ బండి నాకియ్యి."

"ముసలిదానివి, నీకెందుకే కారు?"

"మా ఊరి ఆడబిడ్డలకు, దొరా."

దొర బండి ఇచ్చేశాడు. కడియాలు తీసుకున్నాడో లేదో, ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. నేనైతే తీసుకున్నాడనే అంటా. దొరలు కదా!

ఆ కారు కదిలే కారు కాదు. సుంకమ్మ మూడు గాడిదల్నీ ముందర కట్టింది. వంక ఇసుకలో దిగబడింది, లాగించింది. నల్లరేగడిలో కూరుకుపోయింది, లాగించింది. అవతలి పక్క వాలు తక్కువ కాబట్టి మెల్లగా కనుమ మీదికీ చేర్చింది. ఇటు దిగేటప్పుడు మాత్రం, బండి దొర్లిపోకుండా గాడిదల్ని వెనక కట్టింది.

ఊరు చూసి నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఊరి పెద్ద లింగారెడ్డి. "గాడిదలు తోలే చేతికి కారు లొంగుతుందా?" అన్నాడు. సుంకమ్మ ఊరుకుంటుందా? ఊరుకోలేదు.

వెనకటికి దొర దగ్గర డ్రైవరుగా చేసిన కాసింసాయిబును బతిమాలి పిలుచుకొచ్చింది. ఆయన ఇంజను బాగుచేసి, తోలడం నేర్పించాడు. మొదటి రోజు కారు గడ్డివాములో దూరింది. రెండో రోజు పేడదిబ్బ ఎక్కింది. మూడో రోజు లింగారెడ్డి జొన్నచేలోకే పోయింది. "బ్రేకు తొక్కక్కా" అని సాయిబు మొత్తుకుంటుంటే, సుంకమ్మ గాడిదను ఆపినట్టు "హో, హో" అనేది.

"ఇది గాడిద కాదక్కా."

"దీని చెవులు యాడున్నాయో చూపించు సాయిబూ, నేను చూసుకుంటా."

చెవులు దొరకలేదు గానీ తోలడం పట్టుబడింది. ఊరి వీధుల్లో, చేల దారుల్లో మహారాణి మాదిరి తోలింది. కనుమ మాత్రం ఇంకా ఎక్కలేదు.

ఒకనాడు లింగారెడ్డి కోడలికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని చేతులెత్తేసింది. నవ్విన మనిషే వచ్చి గాడిదల కొట్టం ముందర నిలబడ్డాడు. సుంకమ్మ కారు బయటికి తీసింది. కోడల్ని వెనక సీట్లో పడుకోబెట్టి, రెడ్డినీ సాయిబునూ ఎక్కించుకుని, కనుమ దారి పట్టింది.

సగం ఎక్కి ఒక మలుపులో కారు ఆగిపోయింది. కిందికి జారి మళ్ళీ ఎక్కింది, ఆగిపోయింది. మూడోసారీ అంతే. సాయిబు తల పట్టుకున్నాడు. లోపల కోడలి కేకలు. సుంకమ్మ కూతురు పోయింది కూడా ఆ మలుపులోనే.

"మంచం తెప్పిద్దాం" అన్నాడు రెడ్డి.

మంచమన్న మాట చెవిన పడగానే ఆమెకు ఒళ్ళు మండింది. ఊరుకుంటుందా? ఊరుకోలేదు.

"మంచం మాట ఎత్తొద్దు రెడ్డీ. గాడిద గట్టెక్కనని మొండికేస్తే ఏం చేస్తాం? మొకం అటు తిప్పి వెనక్కి నడిపిస్తాం. గట్టు కనబడదు, ఎక్కేస్తుంది."

"అక్కా, ఇది గాడిద కాదని ఎన్నిసార్లు చెప్పాలి?"

"మొండిదే కదా సాయిబూ."

కారు మూతి ఊరివైపు తిప్పింది. మెడ వెనక్కి తిప్పి చూసుకుంటూ, వెనక్కి వెనక్కి ఎక్కించింది. కారు ఆగలేదు. మలుపు దాటింది. కనుమ దాటింది. అట్ల తిప్పితే పెట్రోలు తొట్టి ఇంజను కంటే పైకి వస్తుందనీ, అందుకే ఆగలేదనీ తెలిసినవాళ్ళు తర్వాత చెప్పారు. చెప్పనీ. ఆ పొద్దు కనుమలో చెప్పినవాడు ఒక్కడూ లేడు.

తల్లీ బతికింది, బిడ్డా బతికింది. ఆడపిల్ల. లింగారెడ్డి తన మనవరాలికి సుంకమ్మ అని పేరు పెట్టాడు. రెడ్డిగారింట్లో ఉప్పమ్ముకునే మనిషి పేరు! మా ఊరికి ఎంత గొప్పో చూడండి.

ఊపిరున్నంత కాలం సుంకమ్మ ఆ కారు తోలింది. ఆ కనుమలో మళ్ళీ ఒక్క ఆడబిడ్డా పోలేదు. ఆమె పోయిన నాడు లింగారెడ్డి ముందుండి పాడె మోశాడు.

ఇప్పటికీ అంతే. కడుపుతో ఉన్న మనిషి ఎక్కితే, ఆటో అయినా జీపైనా కనుమ మొదట్లో ఊరివైపు తిరగాల్సిందే. మూడు బారలు వెనక్కి ఎక్కి, అప్పుడు మళ్ళీ తిరిగి పోతుంది. కొత్త డ్రైవర్లు విసుక్కుంటారు. మా ఊరి ఆడవాళ్ళు పట్టించుకోరు. బండి వెనక్కి ఎక్కుతుంటే, లోపల కూర్చున్న కడుపుతో ఉన్న పిల్లకు ఎదురుగా నిలబడి చెబుతారు.

"భయపడొద్దు తల్లీ, తోలేది సుంకమ్మ. ఒక్కదానివి పోయి ఇద్దరై రా."