రెండు బొటనవేళ్లు

వినండి పిల్లలూ. ఒకానొక కాలంలో హేమకూటమనే రాజ్యానికి రణధీరుడనే రాజు ఉండేవాడు. మూడు యుద్ధాలు గెలిచాడు గాని, తన కుడికాలి బొటనవేలిని గెలవలేకపోయాడు. నెలనెలా దాని మొదటి కీలు ఎర్రగా వాచేది. పైన పట్టుగుడ్డ పడినా ఓర్చుకోలేడు. నొప్పి ఏడు రోజులుండి పోయేది. మళ్ళీ వచ్చేది.

“ఇది ఏడు సముద్రాల అవతలి ఘూకదంతుడి ప్రయోగం” అన్నారు మంత్రులు.

ఆ మాంత్రికుడు వానలు ఆపకుండా ఉండాలని ప్రతి అమావాస్యకూ అతనికి విందు పంపే ఆచారముంది. మేక కార్జాలు, మెదళ్లు, కుండలకొద్దీ కల్లు. ఒక భూతం వచ్చి మోసుకుపోయేది. విషం కలపలేదని రుజువుగా, పంపినంత రాజు కూడా భూతం ఎదుట తినాలి. నొప్పి వచ్చినప్పుడల్లా మాంత్రికుడికి కోపం వచ్చిందనుకుని విందు ఇంకా పెంచేవారు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు తాయెత్తు తెచ్చి కట్టాడు. ఏడు రోజుల్లో నొప్పి పోయింది. “నా తాయెత్తు” అన్నాడు. నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చింది. నడిపివాడు పసరు తెచ్చి పూశాడు. ఏడు రోజుల్లో నొప్పి పోయింది. “నా పసరు” అన్నాడు. నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చింది.

మరో అమావాస్య వచ్చింది. విందు ముగించి రాజు అన్నాడు: “ఇక నావల్ల కాదు. పౌర్ణమినాడు వేలు కోయించేస్తాను.”

శస్త్రవైద్యుడు కత్తి నూరడం మొదలుపెట్టాడు.

“ఆగండి నాన్నగారూ” అన్నాడు చిన్నవాడు మణికేతు. “మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉందట. పౌర్ణమిలోగా దాన్ని తెస్తాను.”

సముద్రతీరాన వలలో చిక్కిన కొంగను మణికేతు విడిపించాడు. కొంగ అతన్ని వీపున ఎక్కించుకుంది.

“మీ నాన్న ఒంటికాలి మీద నిలబడతాడటగా అబ్బాయీ? అయితే మావాడే” అంది.

ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. మూడో రోజున మాంత్రికుడి కోటలో వాలింది.

చిలుక పంజరంలో ఉంది. మణికేతు దాని మెడ మీద చెయ్యి వేశాడు. పక్కగదిలో మాంత్రికుడు గావుకేక పెట్టాడు.

“నువ్వింకా పిసకలేదు రాకుమారా” అంది చిలుక. “ఆ కేక మెడది కాదు, కాలిది. వెళ్ళి చూసుకో.”

మణికేతు వెళ్ళి చూశాడు. ఘూకదంతుడు కుడికాలు దిండు మీద పెట్టుకుని పడుకున్నాడు. బొటనవేలి మొదలు ఎర్రగా వాచింది.

“మీ నాన్నే చేశాడీ ప్రయోగం” అన్నాడు మాంత్రికుడు.

“మా నాన్నగారు మీ పేరు చెబుతున్నారు.”

పక్కనే మాంత్రికుడి కూతురు ఇందుమల్లి విసురుతోంది. మణికేతు ఆమెను అడిగాడు: “ఎప్పుడొస్తుంది?”

“విందు వచ్చిన రెండో రోజు. ఏడు రోజులుంటుంది.”

“నీకు రాదా?”

“నాకు ఆ విందు వాసనే పడదు. గంజి తాగుతాను.”

మణికేతు చాలాసేపు ఆమె కాళ్ళకేసి చూశాడు. “చూసింది చాలు, తలెత్తు” అంది ఇందుమల్లి. అతను చిలుకను చంపలేదు. పంజరంతో సహా కొంగ మీద పెట్టుకుని, పౌర్ణమినాటికి ఇల్లు చేరాడు.

రాజు పాదం అప్పటికే పీట మీద ఉంది.

“విందు మానండి నాన్నగారూ. మీరు తినవద్దు, ఆయనకూ పంపవద్దు.”

“వానలు ఆపేస్తాడురా.”

“ఆపడు” అంది చిలుక. “అతని ప్రాణం మీ ఇంట్లోనే ఉందిగా.”

రాజు పాదం తీసేసుకున్నాడు. మూడు అమావాస్యలు విందు లేదు. వాన పడింది. వేలు నొప్పి రాలేదు. నాలుగో అమావాస్యకు రాజు ఎవరికీ తెలియకుండా రెండు కార్జాలు తిని కల్లు తాగాడు. రెండో రోజుకి ఊరంతటికీ తెలిసింది. రాజు పెట్టిన కేక అలాంటిది.

తరువాత మణికేతుకూ ఇందుమల్లికీ పెళ్ళి జరిగింది. చిలుకను మామగారికి తిరిగి ఇచ్చేశారు. వేలు కోయడానికి నూరిన కత్తితో గుమ్మడికాయలు కోశారు. ఘూకదంతుడు అల్లుడి కాళ్ళు కడుగుతూ, బొటనవేలి మొదలు మెల్లగా నొక్కి అడిగాడు:

“ఇక్కడ నొప్పి ఉందా నాయనా?”

“లేదు మామగారూ.”

“కల్లు పోయించమంటావా?”

“వద్దు” అంది ఇందుమల్లి.

మణికేతు అరవై ఏళ్ళు రాజ్యమేలాడు. విందు మానినా ఆచారం మాత్రం మానలేదు. ప్రతి అమావాస్యకూ భూతం వచ్చేది. రాజు దాని ఎదుట గంజి తాగి, అంతే గంజి మామగారికి పంపేవాడు.