ఉప్పు తక్కువైన రొట్టె

పెరటి దారిన పరుగెత్తి గుడికి చేరేసరికి విబియాకు ఊపిరి ఆడటం లేదు. చేతిలో బుట్ట మాత్రం వదల్లేదు.

"అమ్మా, మా ఇంటి ముందు మా ఆయన నిలబడ్డాడు!"

రోమ్‌లో పంటల తల్లి సెరెస్ గుడికి పూజారిణి ముసలి నుమిసియా. విబియా ఆరేళ్ళుగా ఆమె శిష్యురాలు. విబియా భర్త ఔలుస్ ఎక్కిన ఓడ మునిగి మూడేళ్ళయింది. శవం దొరక్కపోయినా కర్మ జరిపించి, ఖాళీ సమాధి కట్టారు. ఏటా పోయినవాళ్ళను తలుచుకునే పండుగకి విబియా రొట్టె కాల్చి, ద్రాక్షసారాలో నానబెట్టి, అక్కడ పెట్టి, కరువుతీరా ఏడ్చి వస్తుంది. ఆ రోజుల్లో పోయినవాళ్ళు ఊళ్ళో తిరుగుతారని నమ్మకం. ఇవాళా ఆ పనిమీదే బయల్దేరింది.

"లోపలికి రమ్మనలేకపోయావా?"

"పాతాళాన్నేలే ప్లూటో ఇంట్లో నాలుగు దానిమ్మ గింజలు తిన్నందుకే కదమ్మా, సెరెస్ తల్లి కూతురు ప్రొసెర్పినా అంతటిది ఏటా కొన్ని నెలలు అక్కడ ఉండాల్సి వస్తోంది! మీరు చెప్పిందే. అందుకే తలుపు సందులోంచి అడిగాను, అక్కడేమైనా తిన్నావా అని."

"ఏమన్నాడు?"

"మూడేళ్ళు తినకుండా ఎలా ఉంటానే పిచ్చిదానా, అన్నాడు." విబియా భోరుమంది. "తినేశాడమ్మా! ఇక నాకు దక్కడు. గడియ పెట్టేసి వచ్చాను."

నుమిసియా నవ్వు ఆపుకుంది. అది అంత సులువు కాలేదు. చేతికర్ర అందుకుని లేచింది.

గుమ్మం ముందు ఒక మనిషి చతికిలబడి ఉన్నాడు. ఎండకు కమిలిపోయాడు, గడ్డం మాసింది. విబియా గురువుగారి వెనక్కి తప్పుకుంది. ఆ ముఖం చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది, చూడాలంటే భయంగానూ ఉంది.

నుమిసియా ఏమీ అడగలేదు. బుట్టలోంచి రొట్టె తీసి అతని చేతిలో పెట్టింది.

"అమ్మా! అది సమాధి రొట్టె!"

అప్పటికే సగం అతని నోట్లో ఉంది. గబగబా నమిలి, ఉన్నట్టుండి ముఖం చిట్లించాడు.

"మూడేళ్ళు దీవిలో జాలరివాళ్ళు పెట్టిన ఎండుచేపలతో బతికాను. ఇంటి రొట్టె తిందామని వస్తే మళ్ళీ ఉప్పు తక్కువేశావా?"

నుమిసియా శిష్యురాలి వైపు తిరిగింది. "ఇన్నేళ్ళు సమాధి దగ్గర పెట్టావు కదే. ఒక్కసారైనా వంక పెట్టాడా?"

పెళ్ళయిన నాటి నుంచి ఆ ఉప్పు మీద ఎన్ని పోట్లాటలని! విబియాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గడియ తియ్యడానికి పెరటివైపు పరుగెత్తబోయింది.

"ఆగు. కర్మ జరిగినవాడు గుమ్మంలోంచి రాకూడదు. పెంకులు తీసి కప్పులోంచి దిగాలి. ఆచారం ఆచారమే."

ఔలుస్ గొణుక్కుంటూ నిచ్చెన ఎక్కాడు. పెరటి దారిన గురువుగారితో లోపలికెళ్ళి విబియా తలెత్తి నిలబడింది. ఒక పెంకు జరిగింది. ఇంకొకటి. వెలుతురుతోపాటు రెండు మట్టికాళ్ళు కిందికి వేలాడాయి. రెండు చేతులా పట్టుకుంది. వెచ్చగా ఉన్నాయి.

ఆ కాళ్ళు వదలకుండానే అడిగింది: "అమ్మా, కర్మ చేసి ప్లూటోకి ఇచ్చేసినవాణ్ణి వెనక్కి తీసుకుంటే ఆయన ఊరుకుంటాడా?"

"నువ్వు ఆయనకిచ్చింది ఏడుపే కదే," అంది నుమిసియా. "అది ఆయన దగ్గరే ఉండనీ."