కౌజుపిట్ట కన్ను

ఇంద్రసేనారెడ్డికి ఒక రివాల్వర్ కావాలి. అది కొంటే దొరికేది కాదు. మూడేళ్లుగా ఆయనకు అదే ధ్యాస.

ఆ రివాల్వర్ హైదరాబాద్ పాతబస్తీలో ఖుద్రతుల్లా ఉస్తాద్ దగ్గర ఉంది. నిజాం జమానాలో తుపాకుల మీద, కత్తుల మీద తీగలు, ఆకులు, పిట్టలు చెక్కిన మనిషి ఆయన. మెషీను లేదు, అచ్చు లేదు. చేతిలో ఒక సన్న ఉలి, ఒక చిన్న సుత్తి. ఆయన చెయ్యి పడ్డ ఆయుధం ఇంట్లో ఉంటే నవాబులు వచ్చినవాళ్లకు ముందు అది చూపించి, తర్వాత చాయ్ తెప్పించేవారు.

కళ్లు మసకబారుతున్నాయని తెలిశాక ఉస్తాద్ ఆఖరిసారిగా ఒక రివాల్వర్ తనకోసం చెక్కుకున్నాడు. దానికి ఆరేళ్లు పట్టింది. ఎవరెంత అడిగినా అమ్మనన్నాడు. "ఉంచుకునుడు తెలిసినోడు వస్తే ఊరికే ఇస్త" అన్నాడు. ఎవరో నవాబు కారు రెండుసార్లు గల్లీ మొదట్లో ఆగి, వచ్చిన దారినే వెనక్కి పోయింది.

ఇంద్రసేనారెడ్డి నల్లగొండ వైపు దేశ్‌ముఖ్. చేత్తో చెక్కిన రివాల్వర్లు ఏడు పోగుచేశాడు. ఒక్కదాంతోనూ ఒక్క తూటా కాల్చలేదు. ఆయనకు కావలసింది వాటి మీది పనితనమే. పొద్దున్నే స్నానం చేసి అద్దాల బీరువా తెరిచి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకునేవాడు. కట్టుకున్న పెళ్లాన్ని ఏనాడైనా అంత పొద్దున్నే పలకరించాడా అని ఊళ్లోవాళ్లు నవ్వుకునేవారు.

మూడేళ్ల కింద ఆయన ఉస్తాద్ దగ్గరికి మొదటిసారి వచ్చినప్పుడు, తనకు అన్నీ తెలుసన్న ధీమాతోనే వచ్చాడు. ఉస్తాద్ రివాల్వర్ చూపించలేదు. చెయ్యి తిరగడానికి చెక్కిన పాత ఇనపరేకు ఒకటి ఇచ్చాడు.

"ఒక తీగ పట్టుకో. మొదలు నుంచి కొస దాకా కన్ను ఎత్తకుండా పో."

రెడ్డి పోలేకపోయాడు. మూడో ఆకు దగ్గర చూపు జారి పక్క తీగమీద పడింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ జారింది. దేశ్‌ముఖ్‌కి ఒళ్లు మండింది గానీ లేచి పోలేదు. ప్రతి గురువారం వచ్చాడు. చాపమీద ఎప్పుడూ పడి ఉండే జిడ్డు మూట ఒకటి పక్కకు జరిపి, కిటికీ వెలుగులో కూర్చుని, ఆరు నెలలు ఆ రేకే చూశాడు.

ఆ తర్వాత కన్ను నిలబడింది. చెక్కినవాడు ఎక్కడ అలిసిపోయాడో, ఎక్కడ ఉలి సానబెట్టుకుని వచ్చాడో, ఎక్కడ తొందరపడ్డాడో తెలిసిపోయేది. విందుల్లో ఎవరిదో రివాల్వర్ అలా తిప్పి, "చెక్కినోనిది ఎడమచెయ్యి వాటం" అని చెప్పేవాడు. విచారిస్తే నిజమే అయ్యేది. అప్పుడు ఆయన మొహం చూడాలి! గర్వం లేదని పైకి అనేవాడు, అది కూడా గర్వంగానే అనేవాడు.

కానీ ఉస్తాద్ మాత్రం ఆ ఆఖరి రివాల్వర్ సంగతి ఎత్తేవాడు కాదు. గదిలో గోడవారగా తాళం వేసిన ఇనప్పెట్టె ఉండేది. రెడ్డి మాట్లాడుతూ మాట్లాడుతూ దానివైపే చూసేవాడు.

ఒక గురువారం ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"ఉస్తాద్, నాకింకా ఏం తక్కువైంది?"

"నేను తక్కువని అన్ననా?"

"అనలేదు. కానీ ఇస్తలేరు."

ఉస్తాద్ నవ్వాడు. "నీ దగ్గరున్నయాట్ల నీకు బాగా ఇష్టమైంది ఒకటి పట్టుకరా."

రెడ్డి మొహం వెలిగిపోయింది. ఆయన అత్యంత ఇష్టపడేది ఉస్తాద్ చెక్కిందే మరి! ముప్పై ఒక్క ఏళ్ల కింద ఏదో నవాబు కోసం చెక్కినది, చేతులు మారి మారి తొమ్మిదేళ్ల కింద రెడ్డికి చేరింది. ఆయుధం ఊరు దాటించాలంటే పోలీసుల కాగితం కావాలి. దానికోసం పదిహేను రోజులు తిరిగాడు. ఇంతకాలం తేకపోవడానికీ ఆ కాగితమే కారణం.

తర్వాతి గురువారం మఖ్మల్ సంచిలోంచి దాన్ని తీసి ఉస్తాద్ ముందు పెట్టాడు. జేబులోంచి పచ్చగుడ్డ తీసి, ప్రయాణంలో ఏదైనా మరక పడిందేమోనని మరోసారి తుడిచాడు. రివాల్వర్ ధగధగలాడింది. గది గోడమీద దాని వెలుగు పడి కదిలింది.

"మీ చేతి పనే ఉస్తాద్. కండ్లల్ల పెట్టుకుని చూసుకున్న. నౌకర్లను ముట్టనియ్యలే. తొమ్మిదేండ్లు రోజూ పొద్దున్నే నేనే, నా చేతులతోనే పాలిష్ పెట్టి తుడిచిన. పెండ్లికి పోయిన దినం గూడ తుడిచే పోయిన."

ఉస్తాద్ దాన్ని అందుకున్నాడు. తూటాల్లేవని చూసుకున్నాడు. ఆయన కంటికి పెద్ద పెద్దవే ఆనుతాయి, సన్నవాటికి బొటనవేలే కన్ను. తూటాలు పెట్టే చక్రం మీద బొటనవేలు మెల్లగా తిప్పాడు. వేలు తీగ వెంట పోయి ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ అక్కడికే పోయి ఆగింది.

"మసి కలుపు" అన్నాడు.

అది ఆ పనిలో ఆచారం. చెక్కడం పూర్తయ్యాక, సొంతదారుకు ఇచ్చేముందు దాని ముద్ర తీస్తారు. దీపం మసిని నూనెలో రంగరించి చెక్కిన గాట్లలోకి రుద్దుతారు. పైపైన తుడిచేస్తే మసి గాట్లలోనే మిగులుతుంది. అప్పుడు తడి కాగితం మీద చక్రాన్ని ఒత్తి దొర్లిస్తే తీగంతా కాగితం మీదికి దిగుతుంది. ఉస్తాద్ తన జీవితంలో చెక్కిన ప్రతిదాని ముద్రా ఒక లావు పుస్తకంలో అంటించి పెట్టుకున్నాడు. ఆ పుస్తకం ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

రెడ్డికి ఈ పని ఇప్పుడు బాగానే వచ్చు. మసి కలిపాడు, రుద్దాడు, కాగితం తడిపాడు. చక్రాన్ని ఊడదీసి ఒత్తిపట్టి ఒక్క చుట్టు దొర్లించాడు. కాగితం మీద తీగ పరుచుకుంది. బాగా వచ్చిందని మురిసిపోయాడు.

ఉస్తాద్ తన పుస్తకం తీశాడు. పేజీలకు గుర్తుగా దారాలు కట్టి ఉన్నాయి. వేళ్లతో దారాలు లెక్కపెట్టుకుంటూ ఒక పేజీ తెరిచి, కొత్త ముద్ర పక్కన పెట్టాడు.

"ఒక తీగ పట్టుకో" అన్నాడు.

రెడ్డి పట్టుకున్నాడు. పాత ముద్రలో తీగ మొదలైంది, మెలిక తిరిగింది, ఆకు వేసింది. కొత్తదాంట్లోనూ అలాగే. నాలుగో మెలిక దగ్గర ఆకుల మధ్య ఒక కౌజుపిట్ట కూర్చుని ఉంది. పాత ముద్రలో దాని రొమ్మున ఈకలు వెంట్రుకంత సన్నగా లెక్కపెట్టేలా ఉన్నాయి. కన్ను ఒక్క చుక్క. ఆ చుక్కతో పిట్ట ఎవరో వస్తున్నట్టు తల పక్కకు తిప్పి చూస్తోంది.

కొత్త ముద్రలో పిట్ట ఆకారం ఉంది. ఈకల్లేవు. కన్ను లేదు.

రెడ్డి మసి సరిగా పట్టలేదేమో అనుకున్నాడు. మళ్లీ రుద్ది మళ్లీ దొర్లించాడు. మళ్లీ గుడ్డిపిట్టే వచ్చింది.

ఆయనకు కోపం తన్నుకొచ్చింది.

"మోసం! ఆ దళారిగాడు నాకు నకలు అంటగట్టిండు! మీ పని చూసి ఎవడో చేతగానోడు చెక్కినట్టున్నడు. తొమ్మిదేండ్లు నకలుకు సేవ చేసిన్నా ఉస్తాద్ నేను? వాన్ని ఊకెనే ఇడువ!"

ఉస్తాద్ ఆయన్ని అరవనిచ్చాడు. దళారి ముత్తాత దాకా తిట్లు వెళ్లాక, చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి ముందుకు తోశాడు.

"పిడి ఇప్పు."

"ఎందుకు ఉస్తాద్, నకలే అయితే..."

"ఇప్పు."

రెడ్డి పిడికి ఉన్న రెండు చెక్కలూ ఊడదీశాడు. తొమ్మిదేళ్లలో అవి ఎప్పుడూ ఊడదీయలేదు. వాటి కింద ఇనుము మెరుపు లేకుండా నల్లగా ఉంది. పైనున్న తీగ కొస ఒకటి ఆ చెక్క కిందికి దూరి వచ్చింది. దాని చివర ఒక చిన్న ఆకు. ఆకు పక్కన ఉస్తాద్ గుర్తు, ఉస్తాద్ పెట్టిన తేదీ. నిన్న చెక్కినట్టు వాడిగా ఉన్నాయి. ఆకు మీది ఈనెలు వేలికి గరగరా తగిలాయి.

పుస్తకంలో పాత ముద్ర కింద ఉన్నదీ అదే తేదీ.

ఒకే రివాల్వర్. చెక్క కింద ఆకు ఈనెలతో సహా ఉంది. చెక్క బయట పిట్టకు కన్ను లేదు.

"మరి కన్ను ఎటు పోయింది ఉస్తాద్?"

ఉస్తాద్ చెయ్యి చాచి, రెడ్డి తొడమీద ఉన్న పచ్చగుడ్డ తీసుకున్నాడు. దాన్ని విప్పి, రెండు ముద్రల పక్కన మూడోదిగా పరిచాడు.

గుడ్డ మధ్యలో, రోజూ బొటనవేలు పెట్టి రుద్దేచోట, పచ్చరంగు మాయమై బూడిదరంగు దిగింది. ఇంద్రసేనారెడ్డి దాన్ని వేలితో తాకాడు. సన్నటి పొడి వేలికి అంటుకుని కిటికీ వెలుగులో మెరిసింది.

ఆయనకు ఏడుపొచ్చింది. దేశ్‌ముఖ్‌నన్న సంగతి మరిచిపోయి, పైపంచెతో కళ్లు తుడుచుకుంటూ ఏడ్చాడు.

"ఎవలి రివాల్వర్‌ల తప్పు ఉన్నా పట్టుకుంటి. ఇది రోజూ చూస్తనే ఉన్న గద ఉస్తాద్. నాకెందుకు కనబడలే?"

"రోజూ చూసినవ్. అందుకే."

ఉస్తాద్ చాయ్ తెప్పించాడు. ఇద్దరూ తాగారు. ఉస్తాద్ దేన్నీ తప్పు పట్టలేదు, ఓదార్చనూ లేదు. ఎదురింట్లో ఎవరో బావిలోంచి నీళ్లు తోడుతున్న గిలక చప్పుడు వినిపిస్తోంది.

రెడ్డి పిడి చెక్కలు బిగించాడు. చక్రాన్ని దాని చోట పెట్టాడు. రివాల్వర్‌ని మఖ్మల్ సంచిలో పెట్టి లేచాడు. ఇనప్పెట్టె వైపు చూడలేదు.

"పోయొస్త ఉస్తాద్."

"అడుగవా?"

"ఏం మొఖం పెట్టుకుని అడగాలె?"

"మూడేండ్లు అడిగిన మొఖమే గద."

"అప్పుడు నాకు ఉంచుకునుడు తెలుసనుకున్న. అడుగను."

ఉస్తాద్ చాపమీద చెయ్యి వేసి తడిమాడు. మూడేళ్లుగా ప్రతి గురువారం రెడ్డి పక్కకు జరిపి కూర్చున్న ఆ జిడ్డు మూట చేతికి తగిలింది. దాన్ని ఎత్తి రెడ్డి చేతుల్లో పెట్టాడు.

రెడ్డికి అర్థం కాలేదు. అప్పుడు బరువు తెలిసింది.

ఆయన ఒక మడత విప్పాడు. లోపల ఏమీ మెరవలేదు. చిక్కటి నూనె కింద నల్లటి ఇనుము. దానిమీద ఒక తీగ ఎటో పోతోంది. మొదలు కనబడింది గానీ, నూనె అడ్డం పడి తర్వాతిది తెలియడం లేదు. ఇదే అది. పనికిరాని మూట అనుకుని ఎన్నిసార్లు కాలితో కూడా జరిపాడో!

నూనె కొంచెం తీస్తే ఆ తీగ కనబడుతుంది. రెడ్డి కుడిచెయ్యి తొమ్మిదేళ్ల అలవాటుకొద్దీ దానంతటదే కదిలి, ఎదురుగా పరిచి ఉన్న పచ్చగుడ్డ దాకా వెళ్లింది.

అక్కడ ఆగిపోయింది. మెల్లగా వెనక్కి వచ్చి, విప్పిన మడతను మళ్లీ ఎప్పటిలాగే కప్పింది.

ఉస్తాద్‌కి అది కనిపించిందో లేదో తెలియదు. ఆయన పుస్తకం మూసి దారాలు సర్దుకుంటున్నాడు.

"తీస్కపో" అన్నాడు తల ఎత్తకుండానే. "గుడ్డ ఈడ్నే ఉండనీ."