ఓబులమ్మ గీసిన మూడు గీతలు

పిల్లలూ, మన దగ్గర లేని వస్తువును ఇస్తానని మాటిచ్చి, ఆ మాటకు డబ్బు పుచ్చుకోవచ్చా? తొందరపడకండి. ముందు కథ వినండి.

రాజులు వరహాలతో లెక్కలు కట్టే రోజుల్లో, పెన్న ఒడ్డున ఓబులమ్మ అనే రైతు ఉండేదట. ఆమె ఇంట్లో పది బస్తాల పసుపు ఉంది. బస్తా ధర పది వరహాలు. అమ్మితే వచ్చే వంద విత్తనానికీ ఏడాది తిండికీ సరి. కానీ ఆ వేసవిలో ఆమె ఎద్దుల జత రోగమొచ్చి పోయింది. కొత్త జత ముప్పై వరహాలు. తొలకరిలోగా ఆ ముప్పై దొరక్కపోతే చేను బీడే!

అప్పుడు పసుపు వర్తకుడు పుల్లయ్య శెట్టి వచ్చాడు.

"ఓబులమ్మా, రెండు నెలల్లో నేనెప్పుడడిగినా బస్తా పన్నెండు వరహాలకు నాకివ్వాలి. కొనడం, మానడం నా ఇష్టం. అలా మాటిచ్చినందుకు బస్తాకొక వరహా ఇప్పుడే ఇస్తా. తిరిగి అడగను."

ఓబులమ్మ పుల్లతో నేల మీద మూడు గీతలు గీసింది.

"ధర కదలకపోతే పసుపూ నాదే, నీ పది వరహాలూ నావే. నూటికి పది లాభం. ధర పన్నెండు దాటితే పసుపుకు నూటఇరవై, మాటకు పది. ముప్పై లాభం. ఆపైన ఎంత పెరిగినా నాకు అంతే. ధర పడితే తొమ్మిది దాకా ఈ పది నన్ను కాస్తుంది. ఇంకా దిగితే నష్టం నాదే. సరే, ఇవ్వు."

పక్కింటి గంగన్న పకపకా నవ్వాడు. "పిచ్చి వదినా! అదే పసుపు చూపించి ఇంకో ఇద్దరికీ మాటివ్వు. ఇవాళే ఎద్దులొస్తాయి."

"ఉన్నవి పది బస్తాలు. ముగ్గురూ ఒకే రోజు వస్తే నిన్ను తూచి ఇవ్వనా?"

గంగన్న వింటాడా? ఇంట్లో ఒక్క బస్తా లేకపోయినా, ముగ్గురు వర్తకులకు తలా పది బస్తాలు పన్నెండుకే ఇస్తానని మాటిచ్చి, ముప్పై వరహాలు మూటగట్టుకున్నాడు.

నెల తిరిగేసరికి ధర తొమ్మిదికి పడింది.

"అమ్మెయ్ వదినా, ఇంకా పడుతుంది!"

"అమ్మను. శెట్టికిచ్చిన గడువు ఇంకా ఉంది. తొంభైకి పది కలుపుకో, నా వంద నాకే ఉంది."

ఇంతలో ఎండలకు నిప్పంటుకుని ఎగువ ఊళ్ళ పసుపు కొట్లన్నీ కాలిపోయాయి. ధర ఒక్కసారిగా ఇరవైకి ఎగబాకింది. వర్తకులు ముగ్గురూ గంగన్న అరుగు మీద వచ్చి కూర్చున్నారు. అతను వెనక గుమ్మం నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"వదినా, నీ పసుపు పదిహేనుకు నాకిచ్చెయ్. పురుగు పట్టిందని శెట్టితో చెప్పు. నీకూ లాభమే కదా!"

ఓబులమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "నా పసుపు నిక్షేపంగా ఉంది. నేనూ అంతే. కదులు గంగన్నా!"

శెట్టి వచ్చాడు. నూటఇరవై లెక్కపెట్టి ఇచ్చి, బస్తాలు బండ్లకెత్తించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ నవ్వాడు. "ఎనభై వరహాలు పోగొట్టుకున్నావు కదమ్మా!"

"నావైతే కదా పోవడానికి! పన్నెండుకు పైన వచ్చే ధర మొత్తం ఆ రోజే పది వరహాలకు నీకు అమ్మేశాను. నాక్కావలసింది ముప్పై. వచ్చింది. బండి పక్కకు తియ్యి శెట్టీ, ఎద్దుల సంతకు పోవాలి!"

గంగన్న మాత్రం ఇరవైకి కొని పన్నెండుకు ఇవ్వడానికి డబ్బు చాలక చేను అమ్ముకున్నాడు.

చూశారా? ఉన్నదాని మీదే మాటివ్వాలి. ఇచ్చేముందు లాభంతోపాటు నష్టమూ లెక్కకట్టాలి. ఇచ్చాక ఎవరు నవ్వినా తప్పకూడదు.

మరి ధర పదకొండు దగ్గర ఆగి, శెట్టి కొనకపోయి ఉంటే ఓబులమ్మకు ఎంత లాభం? పలకలు తీసి కట్టండి. ఈలోగా నేను సగంలో వదిలేసిన చింతపండుకు గింజలు తీసి వస్తాను.