కాలేషా మాస్టారి కార్డులు

కాలేషా మాస్టారు ఆ ఆదివారం ఆటబల్ల మీద కార్డులు పంచుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పేకముక్కలు కావవి, శుభలేఖల ముక్కలు. మేం ఆడుకునే గది చీరాలలో ఓ శుభలేఖల కొట్టు పైన ఉండేది. కింద మిగిలిపోయిన అట్టలు తెచ్చి, వెనక తెల్లగా ఉన్నచోట మాస్టారు ముత్యాల్లాంటి అక్షరాలతో ఆట రూల్సు రాశారు. నీ వంతు వస్తే ఏమేం చెయ్యొచ్చు, పాచిక ఎంత పడితే ఏమవుతుంది. అంతే, పది లైన్లు. తిప్పి చూస్తే వధూవరుల పేర్లు.

మాది రోల్‌ప్లేయింగ్ ఆట. ఒకరు కుర్చీలో కూచుని కథ చెబుతారు. మిగతావాళ్ళు తలో వేషం పట్టి ఆ కథలో తిరుగుతారు. నేను కత్తివీరుణ్ణి. ఏం చేస్తామో నోటితో చెప్పాలి, జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఆ కుర్చీ ఇరవై ఏళ్ళుగా మాస్టారిది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. దగ్గు ముదిరి, గంటలకొద్దీ మాట్లాడలేక, "త్వరలో ఈ కుర్చీలో ఇంకొకరు కూచోవాలి" అంటూ ఉన్నారు.

ఇంకొకరంటే ఎవరు? నేను కాక!

ఆ ఆట రూల్సు పుస్తకం నాలుగు వందల పన్నెండు పేజీలు. పదకొండు రోజుల్లో కంఠతా పట్టాను. తుఫానుకి మా ఇంట్లోకి నీళ్ళొచ్చి పుస్తకం కొట్టుకుపోతే, మొలలోతు నీళ్ళలో నిలబడి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అప్పజెప్పాను. వీధి వీధంతా డాబాలెక్కి విన్నది. నేను ముగించేదాకా ఒక్కరు కిందికి దిగితే ఒట్టు. అచ్చుతప్పులు కూడా దిద్ది మరీ చెప్పాను.

అలాంటివాడు ఉన్న బల్ల మీద చీటీలా!

"మాస్టారూ, ముప్పై ఏళ్ళు పిల్లల జేబులు తడిమి స్లిప్పులు పట్టుకున్నారు. ఇప్పుడు మీరే స్లిప్పులు పంచుతున్నారా?" అన్నాను.

"పరీక్ష ఎవరు పెట్టారయ్యా?" అన్నారాయన.

"రూలు తెలియకపోతే నేను లేనా? నన్నడిగితే పేజీ నంబరుతో సహా చెప్పనా?"

"చెబుతూనే ఉన్నావుగా, ఆర్నెల్ల నుంచి."

ఆ కార్డులు ఎవరి కోసమో నాకు తెలుసు. సువార్తమ్మ గారి కోసం. ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆర్నెల్ల కిందట మాతో చేరింది. ఆటలో వైద్యురాలి వేషం. ఆవిడ వంతు రాగానే పాచిక గుప్పిట్లో పట్టుకుని నా మొహంకేసి చూసేది. "నాకు మందు వెయ్యండి" అనేవాణ్ణి. వేసేది. మళ్ళీ వంతు వస్తే మళ్ళీ చూసేది. ఆ వేళ మెట్లెక్కి వస్తూనే మాస్టారితో చెప్పేసింది.

"నాకివాళే ఆఖరండీ. సోమలింగం గారు చెప్పింది చెయ్యడానికి మధ్యలో నేనెందుకు? నా పాచిక కూడా ఆయనే వేసేసుకుంటే సరిపోద్ది."

ఆ సోమలింగాన్ని నేనే. ఊరుకుంటానా? "వెళ్ళనీండి మాస్టారూ! నేర్చుకునే ఓపిక లేనివాళ్ళ కోసం ఆట మర్యాద మంటగలపాలా?" అని ఒక్క కేక వేశాను. కింద కొట్టులో కట్టలు కట్టిన శుభలేఖలు రెపరెపలాడాయి.

మాస్టారు జేబులోంచి చిన్న డబ్బా తీశారు. అందులో ఆయన దగ్గుకి వాడే కరక్కాయలు. అన్నిట్లోకీ పెద్దది ఏరి నా అరచేతిలో పెట్టారు.

"గొంతు బొంగురుపోయింది సోమలింగం. బుగ్గన పెట్టుకో. ఆట అయ్యేదాకా నమలకు, ఉమ్మకు."

గురువు మాట. పెట్టుకున్నాను. నాలుక వగరుకి అట్టకట్టింది. నోరు తెరిస్తే సొంగ తప్ప మాట రాదు. సింహం నోట్లో గుడ్డ కుక్కినట్టయింది నా బతుకు.

ఆట మొదలైంది. కథలో మేం ఒక వంతెన ముందు ఆగిపోయి అప్పటికి మూడు వారాలు.

"కొండరాక్షసుడు వంతెనకి అడ్డంగా నిలబడ్డాడు. ఎడమకాలు ఈడుస్తున్నాడు. గర్జిస్తున్నాడు," అన్నారు మాస్టారు, ఎప్పట్లాగే మెల్లిగా.

నా కత్తివీరుడు టీ చల్లారేలోగా పదిహేడుమంది రాక్షసుల్ని నరికినవాడు. ఈ కొండరాక్షసుడి ఒంటి మీద మాత్రం గీత పడలేదు సరికదా, నాకే దెబ్బలు తగిలి ఉన్నాయి. విలుకాడి వేషం బ్రహ్మాజీది. ఊళ్ళో కరెంటు సామాన్ల కొట్టు అతనిదే. పాచిక వెయ్యబోతూ కార్డు చూశాడు.

"ఆగండాగండి! నేను గుట్ట మీదున్నానుగా? ఎత్తు మీంచి కొడితే పడినదానికి రెండు కలుపుకోవచ్చంట!"

అది నా రూలు! తొంభై మూడో పేజీ! నేను ప్రతివారం బల్లగుద్ది చెప్పే రూలు, ఓ పెళ్ళికార్డు చెప్పేసింది. ఒళ్ళు ఉడికిపోయింది. రెండు కలుపుకున్నా బాణం తగల్లేదు, అదొక్కటే నాకు కాస్త చల్లదనం.

సువార్తమ్మ గారి వంతు. అలవాటు కొద్దీ నాకేసి చూసింది. నాకు మందు వెయ్యమని గుండెల మీద టపటపా కొట్టుకున్నాను.

"గుండెల్లో నెప్పా అండీ?" అంటూ గబుక్కున నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది. "బానే ఉంది. కోపం, అంతే." చెయ్యి వదిలేసి ఇంకెవరూ లేనట్టు కార్డు అందుకుంది. దూరంగా పట్టుకుని, వేలితో ఒక్కో లైనూ చదివింది.

"మాస్టారూ, చెయ్యి అందేంత దూరంలో ఉన్న ఏ ప్రాణికైనా కట్టు కట్టొచ్చని రాశారు."

"రాశాను."

"ఏ ప్రాణికైనానా?"

"ఏ ప్రాణికైనా."

"అయితే నేను ఆ రాక్షసుడి దగ్గరికెళ్తాను."

నూట ఎనభై ఏడో పేజీ, మూడో పేరా. నాకది పొల్లు పోకుండా వచ్చు. ఆర్నెల్లలో ఒక్కసారీ ఆవిడకి చెప్పలేదు.

"ఉత్త చేతులతోనా అమ్మా?" అన్నాడు బ్రహ్మాజీ.

"కట్టు కట్టడానికి కత్తెందుకు బాబూ? మూడు వారాల్నుంచి మాస్టారు చెబుతానే ఉన్నారు, ఎడమకాలు ఈడుస్తున్నాడని. లోపల ఏదో విరిగి చీము పట్టింది. అలాంటోళ్ళు వార్డులో ఎట్టా అరుస్తారో మీకేం తెలుసు?" అని, ఎదుట ఉన్న ఖాళీ గాలిలోకి చెయ్యి చాచింది. "ఇదిగో, నిన్నే. కాలిటు పెట్టు. అరిస్తే అరుచుకో గానీ కదలమాక."

గుప్పిట్లో పాచిక బల్ల మీదికి వదిలింది. పాచిక పదహారు పడింది. నావైపు తల తిప్పలేదావిడ. కార్డు చూసుకుంది.

"పద్నాలుగు చాలంట."

"పాదంలోంచి విరిగిన ములుకు బయటికొచ్చింది," అన్నారు మాస్టారు. "రాక్షసుడు దారి పక్కన కూలబడి ఏడుస్తున్నాడు. వంతెన ఖాళీ."

బ్రహ్మాజీ వేసిన ఈలకి కింద కొట్టాయన పైకొచ్చి చూసిపోయాడు. అందరూ మెట్లు దిగుతుంటే సువార్తమ్మ గారు కార్డుని సంచీలో జాగ్రత్తగా పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగింది.

"వచ్చేవారం ఎన్నింటికి మాస్టారూ?"

"నాలుగింటికేనమ్మా."

ఇద్దరమే మిగిలాం. మాస్టారు కాసేపు దగ్గి, లేచి, తన కుర్చీ నా వైపు జరిపారు.

"ఇంక ఉమ్మెయ్యవయ్యా. వచ్చేవారం నుంచి కథ నువ్వే చెప్పాలిగా."

నేను కుర్చీలో కూచున్నాను. కరక్కాయని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకున్నాను.