పెద్దిరాజు గుర్రానికి ఐదో కాలు

వేణుపురం రాజు అనంతపాలుడి ఎదుట నిలబడి పరదేశపు ఓడవర్తకుడొకడు తుమ్మాడు. రాజుగారికి ఒళ్లు మండింది. సుంకాధికారి పెద్దిరాజు వెంటనే చెవిలో ఊదాడు: "ఓడల్లో వచ్చే ఇనుము మీద సగం ధర సుంకం వెయ్యండి ప్రభూ, ముక్కు పిండినట్టుంటుంది." వేశారు. తుమ్ముకూ ఇనుముకూ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు.

మూడు నెలలు గడిచాయి. ఒకనాడు నిండు కొలువులో టకటకా చప్పుడు. రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే కొమ్మన, పోకచెక్కను రాయితో కొడుతున్నాడు.

"ఇదేం పని కొమ్మనా?"

"అడకత్తెర విరిగింది మహాప్రభో. మన కొండల ఇనుముతో చేసిన కొత్తదానికే మన ఊరి కమ్మరి ఒకటిన్నర రెట్లు అడుగుతున్నాడు. నాగటి కర్రు, కొడవలి, బండిచక్రం పట్టా, అన్నీ అంతే. మన సుంకం చలవ."

పెద్దిరాజు లేచాడు. "అబద్ధం! సుంకం పరదేశపు ఇనుముకే. మన కొండల ఇనుముకు చిల్లిగవ్వ లేదు. మరి మన సరుకు ధర ఎందుకు పెరుగుతుంది?"

ఆ మాట రాజుగారికి నచ్చింది. "నా సుంకానికే వంక పెట్టావు. పొద్దుగూకేలోగా రుజువు చెయ్యి. లేదా రేపటినుంచి కొలువుకు రాకు."

కొమ్మనది తాతలనాటి కొలువు, ఇంట్లో ఏడుగురు, ఆకు చుట్టడం తప్ప వేరే పని రాదు. అయినా భయం పైకి కనిపించనివ్వలేదు.

"పెద్దిరాజు గారూ, దసరా ఊరేగింపుకని పొద్దున మీ తెల్లగుర్రాన్ని ప్రభువులకు చూపించారు కదా. ఎంత చెప్పారు?"

"నూరు వరహాలు. రేవులో పరదేశపు గుర్రమూ నూరే. ఒక్క కాసు ఎక్కువ చెప్పలేదు."

కొమ్మన తాంబూలం అందిస్తూ రాజుగారి చెవిలో రెండు ముక్కలు చెప్పాడు. రాజు నములుతూ తలూపాడు.

"ఈ క్షణం నుంచి పరదేశపు గుర్రానికి యాభై వరహాల సుంకం. మన గుర్రాలకు ఏమీ లేదు."

"భేష్!" అన్నాడు పెద్దిరాజు, అందరికంటే ముందు.

"సరే, నీ గుర్రాన్ని తోలించు. నూరు వరహాలు ఇప్పిస్తాను."

పెద్దిరాజు మీసం దువ్వాడు. "నూరు అన్నది పొద్దుటి మాట మహాప్రభో. ఇప్పుడు రేవులో నూటయాభై కదా! నాది నూట నలభై తొమ్మిది. దేశాభిమానం కొద్దీ ఒక వరహా తగ్గించాను."

కొమ్మన ఎంతో వినయంగా అడిగాడు:

"అయ్యా, పొద్దుటినుంచి ఇప్పటికి గుర్రానికి ఐదో కాలు మొలిచిందా?"

పెద్దిరాజు మీసం మీది చెయ్యి దించాడు. మొలవలేదంటే ధర ఎందుకు పెరిగిందో చెప్పాలి. చెబితే కొమ్మన గెలిచినట్టే. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు పాపం.

ముందు రాజు పకపకా నవ్వాడు, తర్వాత కొలువంతా నవ్వింది.

"రెండు సుంకాలూ ఎత్తేశాను. గుర్రం నూరుకే. ఆ పైన అడిగిన నలభై తొమ్మిదీ పెద్దిరాజు కొమ్మనకు ఇస్తాడు."

కొమ్మన దండం పెట్టి, మర్యాద ప్రకారం పెద్దిరాజుకూ ఒక తాంబూలం అందించాడు.

"చెక్క కాస్త పెద్దగా ఉంటుందండీ, మెల్లగా నమలండి. అడకత్తెర ఇంకా కొనలేదు."